పాడైందనుకున్న ఆంప్యూల్: నీలంగా మారిన పసిబిడ్డకు ప్రోస్టాగ్లాండిన్ ఈ1 ఇచ్చిన కేసు

బిడ్డను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాం. ఊరు, తేదీ, కుటుంబం సంగతులు మార్చాం. బరువు, గంటలు, మిల్లీలీటర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. ఈ కేసులో తెలుసుకోవాల్సిందంతా ఆ అంకెల్లోనే ఉంది.

నేపథ్యం

నెలలు నిండి, మామూలు కాన్పులో పుట్టిన మగబిడ్డ. బరువు 2.6 కిలోలు. పుట్టగానే ఏడ్చాడు, గంట తిరక్కుండానే తల్లిపాలు పట్టాడు. కడుపులో ఉన్నప్పుడు రెండు స్కానింగులు తీశారు గానీ గుండె గదుల్ని విడిగా చూసినట్టు రిపోర్టుల్లో లేదు. కాన్పు జరిగిన చోట పల్స్ ఆక్సీమీటరుతో కుడిచెయ్యి, కాలు చూసి పంపే అలవాటు లేదు. 30 గంటల వయసులో ముందు గమనించింది అమ్మమ్మ: “పాలు తాగేప్పుడు పెదాలు నేరేడుపండులా అయిపోతున్నాయి సిస్టరమ్మా, ఏడిస్తే ఇంకా కమిలిపోతున్నాడు.” నర్సు ఆ మాటను అలాగే కేసు షీటులో రాసింది. ఆ రాత్రి ఆ షీటులో అంతకంటే పనికొచ్చే వాక్యం మరొకటి లేదు.

సమస్య

నవజాత శిశు విభాగానికి వచ్చేసరికి 32 గంటల వయసు. కుడిచేతి దగ్గర ఆక్సిజన్ శాతం 68, కాలి దగ్గర 67. శ్వాస నిమిషానికి 58. డొక్కలు ఎగరెయ్యడం లేదు, మూలుగు లేదు. బిడ్డ నీలంగా ఉన్నాడు గానీ ఆయాసపడటం లేదు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంత నీలమైతే డొక్కలు ఎగరేస్తూ పోరాడాలి. చేతికీ కాలికీ తేడా లేదు కాబట్టి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గని జబ్బుకు అవకాశం తగ్గింది, పూర్తిగా పోలేదు.

స్టెతస్కోపుకు మర్మరం (గుండెలో రక్తం సుడి తిరిగితే వచ్చే అదనపు చప్పుడు) వినపడలేదు. “గుండెలో చప్పుడేమీ లేదు, ఇన్‌ఫెక్షనే అయ్యుంటుంది” అని మొదటి నోట్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఊపిరితిత్తులకు రక్తమంతా డక్టస్ ఆర్టీరియోసస్ (ఊపిరితిత్తుల ధమనినీ బృహద్ధమనినీ కలుపుతూ, పుట్టాక మూసుకుపోయే నాళం; క్లుప్తంగా డక్ట్) గుండానే పోతున్న బిడ్డలో, ఆ నాళం సన్నబడేకొద్దీ చప్పుడు కూడా తగ్గిపోతుంది. అలాంటి బిడ్డ దగ్గర నిశ్శబ్దం మంచి కబురు కాదు.

మొదట చేసినవి

రక్తం కల్చరుకు పంపి యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. తప్పు కాదు. ఆ వయసులో సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్) కాదని రూఢి అయ్యేదాకా అవుననుకోవాలి. హుడ్‌తో ఆక్సిజన్ ఇచ్చారు, తర్వాత సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం) పెట్టారు. శాతం 68 నుంచి 70 దాటలేదు. అప్పుడు హైపరాక్సియా పరీక్ష: పది నిమిషాలు దాదాపు నూరుశాతం ఆక్సిజన్. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం (మి.మీ. పాదరసంలో) 32 నుంచి 38కి వచ్చి ఆగింది. ఊపిరితిత్తుల జబ్బయితే 150 దాటాలి. 100 లోపు ఉండిపోతే గుండెలోనే అడ్డదారి ఉందని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మామూలుకంటే నల్లగా, రక్తం చేరనట్టు కనిపించాయి. పీహెచ్ 7.24, లాక్టేట్ 6.1: ఒంటికి ఆక్సిజన్ చాలక రక్తం ఆమ్లంగా మారుతోంది. ఎకో (గుండె స్కానింగు) తీసేవాళ్లు పొద్దున్నే వస్తారు. పెద్దాసుపత్రికి మూడు గంటల దారి.

డక్ట్‌ను తెరిచి ఉంచే మందు ప్రోస్టాగ్లాండిన్. ఎకో లేకుండా దాన్ని మొదలుపెట్టొచ్చా? లెక్క ఇలా వేశారు. ఈ మందు నష్టం చేసే ముఖ్యమైన సందర్భం, ఊపిరితిత్తుల నుంచి రక్తం వెనక్కి తెచ్చే సిరలే మూసుకుపోయిన బిడ్డ. అక్కడ డక్ట్ తెరిస్తే ఊపిరితిత్తుల్లోకి రక్తం ఇంకా ఎక్కువ చేరి ముంచేస్తుంది. కానీ ఆ జబ్బులో ఎక్స్‌రే తెల్లగా, నీరు పట్టినట్టు ఉంటుంది. ఇక్కడ నల్లగా ఉంది. పైగా గంటగంటకీ డక్ట్ మూసుకుంటోంది. నెలలు నిండిన బిడ్డలో అది మామూలుగా రెండు మూడు రోజుల్లో పనిచెయ్యడం మానేస్తుంది. పొద్దుటిదాకా ఆగితే తెరవడానికి నాళమే మిగలకపోవచ్చు. మొదలుపెట్టడమే సరైన నిర్ణయం.

ఈ అణువు సంగతి

ప్రోస్టాగ్లాండిన్ అన్న పేరు 1935లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ పెట్టింది, అది ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుందనుకుని. నిజానికి ఒంట్లో దాదాపు ప్రతి కణజాలమూ దీన్ని అక్కడికక్కడ, కావాల్సినంతే తయారుచేసుకుంటుంది, నిల్వ పెట్టుకోదు. ముడిసరుకు కొవ్వు ఆమ్లం. పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెల్లోని 18 కార్బన్ల లినోలిక్ ఆమ్లం ఒంట్లో సాగి 20 కార్బన్ల డైహోమో-గామా-లినోలెనిక్ ఆమ్లం అవుతుంది. దాని నుంచి ఈ1 వస్తుంది. ఇంకో ద్విబంధం చేరి అరాకిడోనిక్ ఆమ్లం అయితే దాని నుంచి ఈ2 వస్తుంది. సైక్లోఆక్సిజనేజ్ ఎంజైము రెండు ఆక్సిజన్ అణువుల్ని తగిలించి గొలుసును మధ్యలో వంచి అయిదు కార్బన్ల ఉంగరం చేస్తుంది. ఆ తర్వాతి ఎంజైము దానికి ‘ఈ’ రకం (ఈ1, ఈ2) రూపం ఇస్తుంది.

కడుపులో ఉన్నప్పుడు డక్ట్‌ను తెరిచి ఉంచేది ముఖ్యంగా మాయ నుంచి వచ్చే ఈ2, దానికి తోడు రక్తంలో తక్కువ ఆక్సిజన్. నాళం గోడలోని ఈపీ4 గ్రాహకానికి అది తగిలితే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి కండరం సడలుతుంది. పుట్టగానే మాయ పోతుంది. ఊపిరితిత్తుల్లోకి రక్తం వెల్లువెత్తి, అక్కడి 15-హైడ్రాక్సీ ప్రోస్టాగ్లాండిన్ డీహైడ్రోజనేజ్ మిగిలిన ఈ2ను నమిలేస్తుంది. ఆక్సిజన్ పెరిగి కండరాన్ని బిగిస్తుంది. గొర్రెపిల్ల డక్ట్‌ను ప్రోస్టాగ్లాండిన్ సడలిస్తుందని 1973లో టొరంటోలో కొచ్చియాని, ఆలీ చూపించారు. 1975కల్లా నీలి బిడ్డలకు ఇవ్వడం మొదలైంది. మందుగా వాడే ఆల్‌ప్రోస్టాడిల్ అంటే ఈ1. అది కూడా అదే ఈపీ4 తలుపు తడుతుంది.

ఈ కేసుకు కావాల్సిన రసాయనం రెండు ముక్కలు. ఒకటి: ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి వెళ్తే ఈ1లో 80 శాతం దాకా నాశనమైపోతుంది. అందుకే ఇంజెక్షన్‌లా ఒకేసారి పొడవడం కుదరదు, పంపు మీద ఆగకుండా నడపాలి. రెండు: ఉంగరంలో 9వ కార్బన్ మీద కీటోన్, 11వ కార్బన్ మీద హైడ్రాక్సిల్ ఉన్నాయి. ఆ అమరిక వల్ల అణువు నీటిని వదిలేసి ప్రోస్టాగ్లాండిన్ ఏ1గా మారడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. డక్ట్ మీద ఈ1కు ఉన్న పట్టు ఏ1కు లేదు. ఆమ్లమైనా క్షారమైనా, వేడైనా ఈ మార్పును తొందరపెడతాయి. అందుకే ఆంప్యూల్‌లో మందు నీళ్లలో కాకుండా తేమ తీసేసిన ఆల్కహాల్‌లో ఉంటుంది, 1 మి.లీ.లో 500 మైక్రోగ్రాములు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెట్టాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటాక పారెయ్యాలి. సోడియం బైకార్బొనేట్ ఎక్కుతున్న లైనులో ఎన్నడూ కలపకూడదు. ఈ బిడ్డకు ఎసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారడం) ఉందని బైకార్బొనేట్ కూడా అదే త్రీవేకు (లైన్లు కలిపే మూడు దారుల ముక్కకు) తగిలించబోయారు. సమయానికి చూసి వేరే లైనుకు మార్చారు.

మందు పెట్టారు, ఫలితం లేదు

ఆంప్యూల్ లేబర్ రూమ్ ఫ్రిజ్‌లో, తలుపు అరలో దొరికింది. గడువు ఉంది. కానీ ఆ వారంలో కరెంటు పోయిన రాత్రులు రెండున్నాయి, ఆ ఫ్రిజ్‌కు జనరేటరు లైను లేదు. అనుమానం అక్కడే మొదలైంది.

ఆంప్యూల్ మొత్తాన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలిపి 50 మి.లీ. చేశారు: 1 మి.లీ.కి 10 మైక్రోగ్రాములు. డోసు కిలోకు నిమిషానికి 0.05 మైక్రోగ్రాము. డక్ట్ తెరిచే ఉందని ఎకోలో కనపడితే 0.01తో మొదలుపెట్టొచ్చు. మూసుకుంటోందన్న అనుమానంలో, శాతం 70 లోపు ఉన్నప్పుడు 0.05 నుంచి 0.1 మధ్య మొదలుపెట్టాలి. రెండు చివర్లలో తక్కువదాన్ని ఎంచుకున్నది ఊపిరి ఆగే భయంతో. 2.6 × 0.05 × 60 = గంటకు 7.8 మైక్రోగ్రాములు, అంటే గంటకు 0.78 మి.లీ. లెక్క సరిగ్గానే ఉంది.

సిరంజి పంపు నుంచి బిడ్డ చేతి క్యాన్యులా (సిరలో పెట్టిన సన్నటి గొట్టం) దాకా 150 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ లైను. అది అంతకుముందే డెక్స్‌ట్రోజ్‌తో నిండి ఉంది. దాని కొసకు మందు సిరంజి తగిలించి పంపు స్టార్ట్ చేశారు. నీలి బిడ్డల్లో ఫలితం అరగంటలో కనపడాలి. 45 నిమిషాలైనా శాతం పెరగలేదు, 66 నుంచి 62కు జారింది. డోసు 0.1కి పెంచారు, గంటకు 1.56 మి.లీ. ఇంకో పావుగంట. మార్పు లేదు.

60వ నిమిషంలో తీర్మానం: మందు పాడైంది, ఫ్రిజ్‌దే తప్పు. అప్పటికే బంధువొకరు నగరంలోని స్టాకిస్టు దగ్గర్నుంచి ఐస్ డబ్బాలో ఇంకో ఆంప్యూల్ తెచ్చి ఉన్నారు. దాన్ని అదే పద్ధతిలో కలిపి, పాత సిరంజి తీసి, కొత్తది అదే లైనుకు తగిలించారు. లైనులో గాలిబుడగ కనిపించింది. దాన్ని తోసెయ్యడానికి, లైను బిడ్డకు తగిలించి ఉండగానే, పంపు మీద బోలస్ బటన్ (సిరంజిలోది ఒక్కసారిగా తోసేది) నొక్కి పట్టుకున్నారు. తెరమీద 1.0 మి.లీ. అని నమోదైంది. తర్వాత 0.05 డోసులో పంపు వదిలారు.

నాలుగు నిమిషాలకు ముఖం, ఛాతీ కుంకుమ పూసినట్టు ఎర్రబడ్డాయి. వెంటనే ఊపిరి ఆగింది. గుండె వేగం 88కి, సగటు రక్తపోటు 42 నుంచి 29కి పడ్డాయి. పంపు ఆపి, బ్యాగ్-మాస్క్‌తో ఊపిరి ఇచ్చారు, సెలైన్ కిలోకు 10 మి.లీ. చొప్పున 26 మి.లీ. ఎక్కించారు. గుండె వేగం ముందు కోలుకుంది. పదిహేను నిమిషాలయ్యేసరికి, పంపు ఇంకా ఆగి ఉండగానే, ఆక్సిజన్ శాతం 81.

“కొత్త ఆంప్యూల్ భలే పనిచేసింది” అన్నారు. కేసు షీటులోనూ అలాగే రాశారు.

ఏది పనిచేసింది

మర్నాడు కాగితం మీద లెక్క వేస్తే ఆ మాట నిలబడలేదు. లైను లోపలి వ్యాసం 1 మిల్లీమీటరు, పొడవు 150 సెంటీమీటర్లు. లోపల పట్టేది సుమారు 1.2 మి.లీ. గంటకు 0.78 చొప్పున 45 నిమిషాల్లో కదిలింది 0.585 మి.లీ. తర్వాత 1.56 చొప్పున పావుగంటలో 0.39. మొత్తం 0.975. అంటే పాత మందు “పాడైపోయింది” అని తీర్మానించిన నిమిషానికి దాని మొదటి బొట్టు కూడా బిడ్డకు చేరలేదు. ఇంకా 0.225 మి.లీ. దూరంలో, ఆ వేగంలో తొమ్మిది నిమిషాల దూరంలో, లైనులోనే ఉంది. గంటసేపు బిడ్డకు ఎక్కింది ఉత్త డెక్స్‌ట్రోజ్.

బోలస్ 1.0 మి.లీ. తోసినప్పుడు ముందు ఆ 0.225 డెక్స్‌ట్రోజ్ పోయింది. వెనకాలే పాత మందు 0.775 మి.లీ., అంటే 7.75 మైక్రోగ్రాములు, కొన్ని క్షణాల్లో పోయాయి. 0.05 డోసులో అయితే అది దాదాపు గంట పట్టాల్సిన మందు. తర్వాతి నాలుగు నిమిషాల్లో పంపు తోసింది 0.05 మి.లీ. అప్పటికీ కొత్త మందు ముందు ఇంకా సుమారు 0.15 మి.లీ. పాత మందు నిలిచి ఉంది. పంపు ఆపేసేసరికి కొత్త ఆంప్యూల్ నుంచి ఒక్క చుక్కా బిడ్డను తాకలేదు. ఒళ్లు ఎర్రబడటం, ఊపిరి ఆగడం, డక్ట్ తెరుచుకోవడం, మూడూ ఆ “చచ్చిన” ఆంప్యూల్ చేసినవే.

రసాయనం కూడా ఇదే చెబుతుంది. నీరు లేని ఆల్కహాల్‌లో ఈ1 నుంచి ఏ1కు మార్పు మెల్లగా సాగుతుంది. రెండు రాత్రులు ఫ్రిజ్ వెచ్చబడితే బలం కొంత తగ్గొచ్చు, సున్నా కాదు. బలం తగ్గిన మందుకు స్పందన తగ్గాలి, ఆలస్యం కావాలి. అస్సలు స్పందన లేదంటే ముందు అడగాల్సింది మందు మంచిదా అని కాదు, మందు చేరిందా అని. అలాగని కరెంటు పోయిన ఫ్రిజ్‌లోని ఆంప్యూల్ వాడొచ్చని దీని అర్థం కాదు. ఎంత మిగిలిందో చూసి చెప్పలేం కాబట్టి మార్చాల్సిందే. మార్చడం తప్పు కాలేదు. కారణం తప్పుగా పట్టుకోవడం వల్ల చేతులు బోలస్ బటన్ మీదకు వెళ్లాయి.

ఈ బిడ్డలో బోలస్ అంత గట్టిగా తగలడానికి ఇంకో కారణం ఉంది. ఊపిరితిత్తులకు నేరుగా దారి లేని గుండెలో, సిరలోకి వెళ్లిన మందు గుండెలోని రంధ్రం గుండా సరాసరి బృహద్ధమనిలోకి వెళ్తుంది. మందును నమిలేసే ఊపిరితిత్తుల జల్లెడ ఆ మొదటి చుట్టులో అడ్డురాదు.

సరిదిద్దిన తీరు

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు డోసు 0.02. కానీ 10 మైక్రోగ్రాముల ద్రావణంతో అది గంటకు 0.31 మి.లీ., 0.01కి దిగితే 0.16. అంత నెమ్మదిలో సిరంజి పంపును నమ్మలేం. పిస్టన్ అంటుకుని, వదిలి, అంటుకుని నడుస్తుంది. పంపును రెండడుగులు ఎత్తినా దించినా డోసు మారిపోతుంది. అందుకని ద్రావణాన్ని పలచన చేశారు. సూత్రం తేలిక: కిలోకు 30 మైక్రోగ్రాములు 50 మి.లీ.లో కలిపితే గంటకు 1 మి.లీ. అంటే 0.01 డోసు. ఈ బిడ్డకు 78 మైక్రోగ్రాములు. ఆంప్యూల్ నుంచి నేరుగా తియ్యాలంటే 0.156 మి.లీ., కొలతలో తప్పు ఖాయం. కొత్త ఆంప్యూల్‌తో అప్పటికే కలిపి ఉన్న సిరంజి నుంచి 7.8 మి.లీ. తీసి, డెక్స్‌ట్రోజ్‌తో 50 చేశారు. గంటకు 2 మి.లీ.తో మొదలు.

పాత లైనును ఫ్లష్ చెయ్యలేదు, విప్పి పారేశారు. అందులో ఇంకా గాఢమైన మందుంది. కొత్త పొట్టి లైనును ట్రే మీదే, కొసన బొట్టు కారేదాకా మందుతో నింపి, అప్పుడే బిడ్డకు తగిలించారు. రెండో క్యాన్యులా ఇంకో చేతికి పెట్టి ఖాళీగా ఉంచారు. ఒకే లైను ఉండి అది ఊడితే డక్ట్ మళ్లీ బిగుసుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఊపిరి మళ్లీ ఆగకుండా కెఫీన్ సిట్రేట్ కిలోకు 20 మి.గ్రా. లెక్కన 52 మి.గ్రా. ఇచ్చారు. ఆక్సిజన్‌ను 30 శాతానికి దించారు. లక్ష్యం 75 నుంచి 85. వందకు లాగాలని చూస్తే అదే ఆక్సిజన్ డక్ట్‌ను బిగిస్తుంది. నాలుగు గంటలకు లాక్టేట్ 2.4. డోసు 0.01కి దిగింది, శాతం 82 దగ్గర నిలిచింది.

మధ్యలో 38.2 జ్వరం వచ్చింది, పారాసెటమాల్ ఇవ్వాలా అన్న ప్రశ్న లేచింది. పారాసెటమాల్ అయినా ఐబుప్రొఫెన్ అయినా చేసేది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపడం. ఇక్కడ జ్వరం తెప్పిస్తున్నది సిరంజిలోంచి తయారై వస్తున్న ప్రోస్టాగ్లాండినే. పైనున్న తూము మూస్తే కింద పోస్తున్న బిందె ఆగదు. పైగా నెలలు నిండని పిల్లల్లో డక్ట్ మూయించడానికి వాడేవి ఈ మందులే. బట్టలు వదులు చేసి, వార్మర్ వేడి తగ్గించి, కల్చర్ రిపోర్టు వచ్చేదాకా యాంటీబయాటిక్స్ కొనసాగించారు. జ్వరం మందుదే అనిపించినా ఇన్‌ఫెక్షన్‌ను అంత తేలిగ్గా కొట్టెయ్యకూడదు.

తరలింపుకు ముందు శ్వాసనాళంలో గొట్టం వెయ్యాలా వద్దా అన్నది తెగని వాదన. 0.01 డోసులో నాలుగు గంటలుగా బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నాడు, ఆగింది బోలస్ వల్లే, కాబట్టి అక్కర్లేదని ఒక పక్షం. ఒకసారి ఆగిన బిడ్డ, మూడు గంటల దారి, కదిలే అంబులెన్సులో రెండున్నర కిలోల బిడ్డకు గొట్టం వెయ్యడమంటే ఏమిటో తెలుసు కదా అని రెండో పక్షం. రెండోదే నెగ్గింది. నోట్స్ మళ్లీ చదివినా అదే సబబు అనిపిస్తోంది.

పెద్దాసుపత్రిలో ఎకో: ఊపిరితిత్తుల కవాటం పుట్టుకతోనే మూసుకుపోయి ఉంది, జఠరికల మధ్య పెద్ద రంధ్రం, రక్తమంతా సన్నటి డక్ట్ గుండానే. ఆరో రోజున డక్ట్‌లో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేశారు. అంతకు కొన్ని గంటల ముందు ప్రోస్టాగ్లాండిన్ ఆపేశారు. డక్ట్ కాస్త బిగుసుకుంటేనే స్టెంట్‌కు పట్టు దొరుకుతుంది, వదులుగా ఉంటే జారిపోతుంది. అయిదు రోజులు దాటితే ఈ మందుతో జీర్ణాశయం చివర వాచి పాలు కిందికి దిగకపోవడం చూస్తాం. ఈ బిడ్డకు అంతదాకా రాలేదు.

విభాగంలో మార్చినవి

పంపు పక్కన ఇప్పుడు ఒక అట్టముక్క వేలాడుతోంది. దానిమీద ప్రతి రకం లైనులో ఎన్ని మి.లీ. పడుతుందో రాసి ఉంది. సిరంజిలో నీళ్లు నింపి కొలిచినవి, కంపెనీ కాగితం చూసి రాసినవి కావు. పొట్టి లైను 0.4, పొడుగుది 1.2, త్రీవే తగిలిస్తే అదనం. మందు మొదలుపెట్టిన టైముతో పాటు “బిడ్డకు చేరే టైము” అని ఇంకో గడి కేసు షీటులో చేర్చారు. ట్రే మీద నింపిన లైనుకు రెండూ ఒకటే కావాలి. కాకపోతే ఎందుకు కాలేదో అక్కడే రాయాలి. అడ్రినలిన్, డోపమైన్, మిడజోలామ్, గంటకు 1 మి.లీ. లోపు నడిచే ఏ మందుకైనా ఆ గడి నింపుతున్నారు. బిడ్డకు తగిలించి ఉన్న లైను మీద బోలస్ బటన్ నొక్కకుండా పంపు సెట్టింగుల్లో దాన్ని లాక్ చేశారు.

ఆంప్యూల్స్ తలుపు అరలోంచి లోపలి అరకు మారాయి, ఫ్రిజ్‌కు జనరేటరు లైను వచ్చింది. కాన్పు గదిలో 24 గంటలు నిండిన ప్రతి బిడ్డకూ కుడిచెయ్యి, ఒక కాలు ఆక్సీమీటరుతో చూస్తున్నారు. ఏ ఒక్కచోటైనా 90 లోపు ఉంటే వెంటనే డాక్టరుకు ఫోను. రెండుచోట్లా 95 లోపు ఉన్నా, రెంటికీ మధ్య 3 దాటి తేడా ఉన్నా గంట ఆగి మళ్లీ చూడటం. ఈ బిడ్డకు 24వ గంటలో అలా చూసి ఉంటే డక్ట్‌కు ఇంకో ఎనిమిది గంటల వెసులుబాటు దొరికేది.